క్లోమం సగమే కనిపిస్తోంది: కుంచించుకుపోయిందా, కొవ్వుగా మారిందా, అసలు పుట్టనే లేదా?

పీజీ_రేడియో (సోమవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. రేడియాలజీ పీజీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఈరోజు చూసిన ఒక సీటీ దగ్గర ఆగిపోయాను. రేపు మధ్యాహ్నంలోగా రిపోర్టు ఇవ్వాలి. పేషెంటును ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఫిల్ములు పెట్టడం లేదు, కాస్త ఓపిగ్గా మాటల్లోనే చదవండి.

ముప్పై ఒకటేళ్ల మహిళ. సన్నటి మనిషి. 24 ఏళ్లకే షుగర్ బయటపడింది, ఇప్పుడు ఇన్సులిన్ మీద ఉంది. ఏడాదిన్నరగా పై కడుపులో నొప్పి వచ్చి పోతోంది. పిత్తాశయంలో రాళ్లు లేవు, మందు అలవాటు లేదు. మూడు చోట్ల అల్ట్రాసౌండ్ చేయించుకుంది. మూడు రిపోర్టుల్లోనూ ఒకటే వాక్యం: క్లోమం మధ్యభాగం, తోక గ్యాస్ అడ్డం వల్ల కనిపించలేదు.

సీటీకి గ్యాస్ అడ్డం రాదు. క్లోమం తల ఉంది, దాని కింద కొక్కెంలా వంగే అన్సినేట్ భాగం ఉంది. మెడ దగ్గరికి వచ్చేసరికి గ్రంథి గుండ్రంగా ఆగిపోయింది. అక్కడి నుంచి ఎడమవైపు ప్లీహం దాకా నాకు క్లోమం కనిపించలేదు. తల మాత్రం మామూలు కంటే కాస్త లావు. నాకంటే ముందు చూసినవాళ్లు రిక్వెస్ట్ కాగితం మీద పెన్సిల్‌తో "తలలో గడ్డ? మిగతాది కుంచించుకుపోయిందా?" అని రాశారు. ఆ కాగితం వాళ్లాయన చదివేశాడు. నేను బయటికి వచ్చేసరికి ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఏడుస్తున్నారు. అప్పటి నుంచి నాకూ ఒకటే టెన్షన్.

గడ్డా? పాత వాపు వల్ల క్షీణించిందా? కొవ్వుగా మారిందా? లేక పుస్తకంలో ఒక్క పేరాలో చదివి వదిలేసిన డార్సల్ ఎజెనెసిస్ (క్లోమం వెనక మొగ్గ పెరగకపోవడం) ఇదేనా?

పాతఫిల్ము (సోమవారం, రాత్రి 11:15)

బాబూ, ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. స్ప్లీనిక్ సిరకు (ప్లీహం నుంచి క్లోమం వెనకగా వచ్చే సిర) ఆనుకుని ముందు వైపు ఏముంది? కొవ్వు ఉందా, పొట్ట ఉందా, పేగులు ఉన్నాయా? తల గురించి తర్వాత మాట్లాడదాం.

పీజీ_రేడియో (సోమవారం, రాత్రి 11:32)

మళ్లీ తెరిచి చూశాను సార్. కుడివైపు సగంలో పొట్ట వెనక గోడ నేరుగా సిరను తాకుతోంది. ఎడమ చివర జెజునం (చిన్నపేగు రెండో భాగం) మలుపులు రెండు వచ్చి కూర్చున్నాయి. మధ్యలో కొవ్వు పొర ఉందా అంటే ఉంది, దారమంత.

పాతఫిల్ము (సోమవారం, రాత్రి 11:58)

అయితే సగం జవాబు నీ దగ్గరే ఉంది.

క్లోమం ఒకప్పుడు ఉండి తర్వాత కొవ్వుగా మారితే, దాని జాగా దానికే ఉంటుంది. సిర ముందు కొవ్వు మేట వేసినట్టు కనిపిస్తుంది, అందులో గ్రంథి తమ్మెల గీతలు సన్నగా మిగులుతాయి. పొట్టను ముందుకు నెట్టి ఉంచేది ఆ కొవ్వే. అసలు పుట్టకపోతే ఆ జాగాను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. పేషెంటు వెల్లకిలా పడుకున్నప్పుడు పొట్ట, పేగులు బరువుకి వెనక్కి జారి సిర మీదికి ఒరుగుతాయి. డిపెండెంట్ స్టమక్ సైన్, డిపెండెంట్ ఇంటెస్టైన్ సైన్ అని చదువుతారే, అవి ఇవే. పేరు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, ఖాళీని ఎవరు ఆక్రమించారో చూస్తే చాలు.

ఇక తల లావు సంగతి. ఉన్న కాస్త గ్రంథే పెరిగి గడ్డలా భ్రమ పెట్టడం ఈ లోపంలో తెలిసిన విషయమే. అయినా గడ్డ కాదని నిర్ధారణ చేయకుండా వదలొద్దు. తలలో క్యాన్సర్ నాళాన్ని మూసేస్తే వెనక భాగమంతా ఎండిపోయి, లేనట్టే కనిపించవచ్చు. అలాంటప్పుడు సాధారణంగా నాళం ఉబ్బి ఉంటుంది, ఎండిన కణజాలం సన్నగానైనా మిగులుతుంది. నీ సీటీలో ఉబ్బిన నాళం ఉందా? కాంట్రాస్ట్ ఎక్కించాక క్లోమం బాగా వెలిగే పాంక్రియాటిక్ ఫేజ్ తీశారా, లేక కాస్త ఆలస్యంగా తీసే పోర్టల్ ఫేజ్ ఒక్కటేనా?

పీజీ_రేడియో (మంగళవారం, ఉదయం 6:20)

నిద్ర పట్టలేదు సార్. 40 సెకన్లకు తీసిన పాంక్రియాటిక్ ఫేజ్ ఉంది. తల అంతా ఒకేలా వెలిగింది, తక్కువ వెలిగిన మచ్చ ఎక్కడా లేదు. నాళం ఉబ్బలేదు, పిత్తనాళమూ ఉబ్బలేదు. కాల్షియం చుక్కలు లేవు.

గ్యాస్ట్రో_గుంటూరు (మంగళవారం, ఉదయం 8:05)

నేను కొంచెం ఎదురు చెప్తాను, తప్పుగా అనుకోకండి. మన ప్రాంతంలో చిన్న వయసులో షుగర్, కడుపునొప్పి, సన్నటి మనిషి అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఫైబ్రోక్యాల్క్యులస్ పాంక్రియాటిక్ డయాబెటిస్ (క్లోమంలో రాళ్లు పడి వచ్చే షుగర్). మద్యం తాగనివాళ్లకూ వస్తుంది. 2002లో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు ఈ జబ్బుకు స్పింక్1 అనే జన్యువులోని మార్పులతో గట్టి సంబంధం ఉందని చూపించారు. అలాంటి పేషెంట్లను వారానికి ఒకరినైనా చూస్తాను. ఎజెనెసిస్‌ను నా సర్వీసులో రెండుసార్లే చూశాను. అరుదైన పేరు పెట్టే ముందు మామూలుగా వచ్చే జబ్బు కాదని తేలాలి కదా.

పాతఫిల్ము (మంగళవారం, ఉదయం 8:40)

మీరన్నది న్యాయమే డాక్టర్ గారూ. కానీ ఆ జబ్బులో పెద్ద పెద్ద రాళ్లు, ఉబ్బిన నాళం చూస్తాం. ఇక్కడ రెండూ లేవు. పైగా క్షీణించిన గ్రంథి మెడ దగ్గర ఇంత నున్నగా, గుండ్రంగా ఆగిపోదు. చిక్కిపోతూ చిక్కిపోతూ తోక దాకా వెళ్తుంది. ఎంఆర్‌సీపీ (పిత్త, క్లోమ నాళాలను చూపే ఎంఆర్ఐ) చేస్తే మీ సందేహమూ నా సందేహమూ రెండూ తీరతాయి.

బాబూ, రిపోర్టులో "గడ్డ" అనే మాట ఇప్పుడే రాయకు. "మెడ, మధ్యభాగం, తోక లేవు, ప్లీహసిర ముందు పొట్ట, పేగులు ఉన్నాయి, పుట్టుకతో వచ్చిన లోపానికి అనుకూలం, ఎంఆర్‌సీపీ అవసరం" అని రాయి. ఆ దంపతులతో కూడా పది నిమిషాలు మాట్లాడు.

ఇంకో పని. ప్లీహం ఒకటే ఉందా, చిన్న చిన్నవి చాలా ఉన్నాయా? ఐవీసీ (కింది శరీరం నుంచి గుండెకు వెళ్లే పెద్ద సిర) మామూలు దారిలోనే వెళ్తోందా? కాలేయం మధ్యకు జరిగిందా? పాలీస్ప్లీనియా (ఒకటికి బదులు చాలా ప్లీహాలు) ఉన్నవాళ్లలో కురచ క్లోమం తరచూ జతగా ఉంటుంది.

బాబు_నాన్న (మంగళవారం, ఉదయం 9:30)

నేను డాక్టర్‌ని కాదండీ. మా బాబుకు యాన్యులర్ పాంక్రియాస్ (క్లోమం పేగును ఉంగరంలా చుట్టడం) ఉందని ఈ వేదికలో చేరాను. మీ మాటల్లో సగం అర్థమవుతోంది, సగం కావడం లేదు. ఒక అవయవం సగమే పుట్టడం ఏమిటి? వేలు పుట్టకపోవడం విన్నాను గానీ కడుపులో గ్రంథి సగం పుట్టడం ఎలా జరుగుతుంది?

పాతఫిల్ము (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

మంచి ప్రశ్న అడిగారు. మీ బాబు సమస్యకూ ఈమె సమస్యకూ మూలం ఒక్కచోటే ఉంది.

క్లోమం ఒక ముక్కగా పుట్టదు. గర్భంలో చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం నుంచి రెండు మొగ్గలు వేస్తుంది. వెనకవైపు పెద్ద మొగ్గ, ముందువైపు పిత్తనాళం పక్కన చిన్న మొగ్గ. డుయోడినం మెలి తిరిగేటప్పుడు ముందు మొగ్గ దానితో పాటు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చి, పెద్ద మొగ్గకు కింద చేరుతుంది. ఏడో వారం ప్రాంతంలో రెండూ కలిసిపోతాయి. ముందు మొగ్గ నుంచి తల వెనక భాగం, అన్సినేట్ వస్తాయి. మిగతా తల, మెడ, మధ్యభాగం, తోక అన్నీ వెనక మొగ్గవే.

ఈ ప్రయాణంలో ఎక్కడ తేడా వచ్చిందన్నదాన్ని బట్టి లోపం మారుతుంది. వెనక మొగ్గ పెరగకపోతే ఈ పేషెంటులా సగం క్లోమమే మిగులుతుంది. ముందు మొగ్గ తిరిగే దారిలో డుయోడినాన్ని చుట్టేస్తే ఉంగరంలా బిగుసుకుంటుంది, అది మీ బాబు సంగతి. రెండు మొగ్గలు కలిసినా వాటి నాళాలు కలవకపోతే పాంక్రియాస్ డివైజమ్. ఇది నూటికి ఐదు నుంచి పది మందిలో ఉంటుంది, చాలామందికి జన్మంతా తెలియనే తెలియదు.

నాళం అంటే గుర్తొచ్చింది. క్లోమం ప్రధాన నాళాన్ని 1642లో ఇటలీలోని పాదువాలో విర్సుంగ్ అనే జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు గుర్తించాడు. దాని బొమ్మను రాగి రేకు మీద చెక్కించి, అచ్చులు తీసి తోటివాళ్లకు పంపాడు. ఆ నాళం పని ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. మరుసటి ఏడాదే ఎవరో ఆయన్ను హత్య చేశారు. ఈ రోజు ఎంఆర్‌సీపీలో మనం వెతికేది ఆ రాగి రేకు మీది గీతనే. చదివినప్పుడల్లా నాకు మనసు కదులుతుంది.

ఎంఆర్_టెక్నీషియన్ (మంగళవారం, మధ్యాహ్నం 2:25)

ఎంఆర్‌సీపీ దగ్గర నా మాట ఒకటి వినండి. పదకొండేళ్లుగా ఇదే పని.

నాలుగైదు గంటలు ఖాళీ కడుపుతో రమ్మంటాం. అయినా పొట్టలో, డుయోడినంలో ఉన్న నీరు తెల్లగా వెలిగి నాళం మీద పడుతుంది. ఈ పేషెంటుకు పొట్ట, పేగులు సరిగ్గా క్లోమం ఉండాల్సిన చోటే కూర్చున్నాయి, అంటే గందరగోళం రెట్టింపు. మా దగ్గర అనాసపండు రసం తాగిస్తాం. అందులోని మాంగనీస్ వల్ల ఆ నీరు టీ2 బొమ్మల్లో (నీరు తెల్లగా కనిపించే రకం) నల్లబడుతుంది. స్కాన్‌కు పది పదిహేను నిమిషాల ముందు ఒక పెద్ద గ్లాసు. అన్ని రసాల్లోనూ మాంగనీస్ ఒకేలా ఉండదు. అందుకే ముందు ఒక మందపాటి స్లాబ్ (ఒకే మందపాటి పొర బొమ్మ) తీసి, పొట్ట నల్లబడిందని చూసుకున్నాకే 3డీ సీక్వెన్స్ మొదలుపెట్టండి.

ఈమెకు షుగర్ ఉంది. చక్కెర కలిపిన రసం ఇవ్వకండి. ఇన్సులిన్ ఎప్పుడు వేసుకుందో అడిగి, డాక్టర్‌కు చెప్పి ఇవ్వండి. ఊపిరి బిగబట్టడం బల్ల మీద పడుకోబెట్టే ముందే రెండుసార్లు ప్రాక్టీస్ చేయించండి. నాళం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఊపిరి కదిలితే అది తెగినట్టు కనిపిస్తుంది, రిపోర్టులో లేని లోపం వచ్చి చేరుతుంది.

లీడ్స్_రేడియాలజీ (మంగళవారం, సాయంత్రం 6:50)

ఊరు తెనాలి, ఉద్యోగం ఇంగ్లాండ్. సెక్రెటిన్ ఇంజెక్షన్ దొరికితే ఇచ్చి చేయండి. క్లోమం రసం ఊరి నాళం కొద్ది నిమిషాల పాటు నిండుగా కనిపిస్తుంది. "నాళం లేదు" అనడానికీ "నాళం కనిపించలేదు" అనడానికీ మధ్య తేడా అప్పుడు తెలుస్తుంది. దొరకకపోతే ఆగిపోవక్కర్లేదు, టెక్నీషియన్ గారు చెప్పినట్టు శ్రద్ధగా చేసినా చాలావరకు తేలుతుంది.

చూడాల్సింది ముఖ్యంగా డుయోడినంలోని చిన్న ద్వారం వైపు వెళ్లే శాంటోరిని నాళం, అంటే వెనక మొగ్గ నాళం. వెనక మొగ్గ పూర్తిగా లేకపోతే అది కూడా ఉండదు. పాక్షికంగా లేకపోతే దాని మొదలు ఎంతోకొంత మిగులుతుంది. డివైజమ్‌లోనూ విర్సుంగ్ నాళం కురచగా కనిపించి మోసం చేస్తుంది. కానీ అక్కడ రెండో నాళం పిత్తనాళానికి ముందుగా అడ్డం దాటి చిన్న ద్వారానికి వెళ్తుంది, గ్రంథి కూడా తోక దాకా ఉంటుంది.

ఎండోక్రైన్_విశాఖ (మంగళవారం, రాత్రి 9:05)

ఇంతసేపూ అందరూ క్లోమం చుట్టూనే తిరిగారు. పీజీ గారూ, అదే సీటీలో కొంచెం కిందికి దిగండి. కిడ్నీలు ఎలా ఉన్నాయి? గర్భసంచి ఆకారం? రక్తంలో మెగ్నీషియం ఎప్పుడైనా చూశారా? ఇంట్లో ఇంకెవరికైనా షుగర్, కిడ్నీ జబ్బు?

చిన్న వయసులో షుగర్, సన్నటి మనిషి, వెనక మొగ్గ లేదు. ఈ మూడూ కలిస్తే హెచ్‌ఎన్‌ఎఫ్1బీ జన్యువును తప్పక ఆలోచించాలి. దీనివల్ల వచ్చే షుగర్‌ను మోడీ 5 అంటాం (మోడీ అంటే ఒక్క జన్యువు దోషంతో చిన్న వయసులో వచ్చే షుగర్). ఆ జన్యువు క్లోమానికే కాదు, కిడ్నీకీ, ఆడవాళ్ల గర్భాశయానికీ, కాలేయానికీ నిర్మాణంలో పని చేస్తుంది. అందుకే కిడ్నీ నీటితిత్తులు, రెండు కొమ్ముల గర్భాశయం, మెగ్నీషియం తగ్గడం, యూరిక్ యాసిడ్ పెరగడం కలిసి వస్తాయి.

పీజీ_రేడియో (మంగళవారం, రాత్రి 11:40)

మేడమ్, నేను క్లోమం దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు చూశాను. రెండు కిడ్నీల్లోనూ సెంటీమీటరు లోపు నీటితిత్తులు నాలుగైదు ఉన్నాయి, కుడి కిడ్నీ చిన్నది. పాత ఫైల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే పరీక్ష) 1.4, కాస్త ఎక్కువే. గర్భసంచి ఈ సీటీలో సరిగ్గా తెలియడం లేదు. కానీ హిస్టరీ కాగితంలో రెండుసార్లు గర్భం పోయిందని ఉంది. అమ్మ షుగర్‌తో, కిడ్నీలు చెడిపోయి చనిపోయిందట. ఈ వివరాలన్నీ నా చేతిలోనే ఉన్నాయి, ఒక్కటీ కలిపి చూడలేదు.

ప్లీహం ఒకటే, మామూలుగా ఉంది. ఐవీసీ సరిగ్గానే ఉంది.

ఎండోక్రైన్_విశాఖ (బుధవారం, ఉదయం 7:15)

ఇప్పుడు చూశారు కదా, అది చాలు. ఎంఆర్‌సీపీ అప్పుడే కటి భాగానికి రెండు టీ2 సీక్వెన్సులు అదనంగా పెట్టించండి, గర్భాశయం తెలిసిపోతుంది. రక్తం తీసేటప్పుడు మెగ్నీషియం కలపండి.

జన్యుపరీక్ష విషయంలో ముందే ఒక హెచ్చరిక. ఈ జన్యువులో దాదాపు సగం మందిలో దోషం ఒక అక్షరం మారడం కాదు, మొత్తం జన్యువే ఎగిరిపోవడం. పదిహేడో క్రోమోజోమ్‌లో 17క్యూ12 అనే ముక్క పోతుంది. మామూలు సీక్వెన్సింగ్ రిపోర్టు అలాంటప్పుడు "ఏ మార్పూ లేదు" అని రావచ్చు. ఇలా ముక్క పోవడాన్ని పట్టుకునే ఎంఎల్‌పీఏ గానీ మైక్రోఅరే గానీ అడగండి.

గ్యాస్ట్రో_గుంటూరు (బుధవారం, ఉదయం 8:30)

కిడ్నీల సంగతి విన్నాక నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. మేడమ్ చెప్పిన దారే సరైనది. తలలో గడ్డ లేదని ఖాయం చేయడానికి ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (గొట్టం లోపలికి పంపి దగ్గర నుంచి తీసేది) ఒకటి చేయించండి. సీఏ 19-9 అనే రక్తపరీక్ష ఒక్కదాని మీద ఆధారపడకండి. గడ్డ కనిపించకపోతే పరీక్షకు ముక్క తీసే సూది మాత్రం పెట్టొద్దు. మామూలు గ్రంథిలో సూది పెట్టి ఉన్న సగానికీ వాపు తెప్పిస్తే ఆ మనిషికి మిగిలేది ఏమిటి?

బాబు_నాన్న (బుధవారం, ఉదయం 10:00)

పాతఫిల్ము గారికి దండాలండీ. నాలుగేళ్లలో మా బాబు జబ్బు ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.

నాకొక బాధ ఉంది. అయిదో నెలలో టిఫా స్కాన్ చేయించాం, అంతా నార్మల్ అన్నారు. ఎనిమిదో నెలలో ఉమ్మనీరు బాగా ఎక్కువైంది, బిడ్డ కడుపులో రెండు బుడగలు కనిపిస్తున్నాయన్నారు. పుట్టిన రెండో రోజే ఆపరేషన్. టిఫాలో ఎందుకు పట్టుకోలేకపోయారని ఇప్పటికీ మా ఇంట్లో గొడవే. ఇంకొకటి, ఆపరేషన్‌లో ఆ ఉంగరాన్ని కోయలేదట, అలాగే వదిలేశారట. అది మళ్లీ బిగుసుకోదా? ఎంఆర్ఐ తీయించి చూసుకోవాలా?

పిల్లల_సర్జన్ (బుధవారం, రాత్రి 8:45)

బాబు నాన్నగారూ, ఇది నేను రోజూ చేసే పని, కాబట్టి వివరంగా చెప్తాను.

టిఫా సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. ఆ సమయానికి బిడ్డ మింగే ఉమ్మనీరు తక్కువ. అడ్డంకి ఉన్నా దాని పైన పొట్ట, డుయోడినం అంతగా ఉబ్బవు. రెండు బుడగలు చాలామందిలో ఆ తర్వాతే, ఉమ్మనీరు పెరుగుతున్న దశలోనే బయటపడతాయి. అయిదో నెలలో కనిపించలేదంటే ఎవరో అశ్రద్ధ చేశారని కాదు. ఈ మాట మీ ఇంట్లో కూడా చెప్పండి.

పుట్టాక ఎక్స్‌రేలోనూ అవే రెండు బుడగలు. ఎడమవైపుది పొట్ట, కుడివైపుది ఉబ్బిన డుయోడినం. డుయోడినం పూర్తిగా మూసుకుపోయిందా, ఉంగరం బిగించిందా అన్నది ఎక్స్‌రే చెప్పలేదు. కింది పేగుల్లో కొంచెం గాలి ఉంటే పూర్తి మూత కాదని అనుకుంటాం. అప్పుడు నాకు అసలు భయం వేరే: పేగు మెలిపడి ఉండొచ్చు. మెలి పడితే గంటల్లో పేగు చచ్చిపోతుంది. అందుకే అనుమానం ఉంటే వెంటనే కాంట్రాస్ట్ పెట్టి చూస్తాం. ఉంగరం సంగతి చాలాసార్లు కడుపు తెరిచాకే ఖాయమవుతుంది.

ఉంగరాన్ని కావాలనే కోయం. అందులో క్లోమం నాళం వెళ్తూ ఉండొచ్చు. కోస్తే రసం కారి కడుపులో ఫిస్టులా (రసం కారుతూనే ఉండే దారి) అవుతుంది, వాపు వస్తుంది. పైగా ఉంగరం కింద డుయోడినం కూడా చాలామందిలో సన్నగానే ఉంటుంది, కోసినా దారి తెరుచుకోదు. కాబట్టి పైభాగాన్నీ కింది భాగాన్నీ ఉంగరం మీదుగా కలిపి కుడతాం, పక్కనుంచి బైపాస్ రోడ్డు వేసినట్టు. బాబు అన్నం తింటున్నాడు, బరువు పెరుగుతున్నాడు, వాంతులు లేవు అంటే ఎంఆర్ఐ అక్కర్లేదు. ఆ వయసు పిల్లలకు మత్తిచ్చి తీయాలి, ఊరికే ఎందుకు? పచ్చని వాంతులు, కడుపు ఉబ్బడం, బరువు ఆగిపోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురండి.

గుండె ఎకో, క్రోమోజోమ్ పరీక్ష అప్పట్లో చేశారా? డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఈ లోపం ఎక్కువ.

బాబు_నాన్న (బుధవారం, రాత్రి 9:20)

రెండూ చేశారు సార్, రెండూ బాగానే ఉన్నాయి. ఈ మెసేజ్ మా ఆవిడకు, మా అత్తగారికి చదివి వినిపించాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. చాలా థాంక్స్ అండీ.

లీడ్స్_రేడియాలజీ (గురువారం, ఉదయం 11:30)

పెద్దవాళ్లలో ఉంగరం గురించి పీజీలకు ఒక్క మాట. 1818లో టీడెమన్ దీన్ని మొదట వర్ణించాడు, 1862లో ఎకర్ ఈ పేరు పెట్టాడు. నలభై, యాభై ఏళ్లకు బయటపడేవాళ్లూ ఉన్నారు. సీటీలో ఉంగరం పూర్తిగా మూసుకోనక్కర్లేదు. డుయోడినాన్ని ముందు నుంచి, వెనక నుంచి మొసలి నోరు తెరిచి పట్టినట్టు గ్రంథి కమ్ముకున్నా అనుమానించండి. సన్నటి ఉంగరాన్ని డుయోడినం గోడ మందం అనుకుని దాటేస్తాం, నేను దాటేశాను కూడా. ఉంగరం క్లోమంతో సమానంగా వెలుగుతుంది, గోడ అంత వెలగదు. ఆర్టీరియల్ చివరి దశలో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

తిరుపతి_చదువరి (గురువారం, మధ్యాహ్నం 3:15)

నా ఎంఆర్‌సీపీలో పాంక్రియాస్ డివైజమ్ అని రాశారు. ఒక్కసారి వాపు వచ్చి తగ్గింది. చిన్న ద్వారాన్ని కోసి స్టెంట్ వేయాలంటున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు. ఇది పెద్ద జబ్బా అండీ?

గ్యాస్ట్రో_గుంటూరు (గురువారం, సాయంత్రం 5:40)

అమ్మా, భయపడకండి. డివైజమ్ ఉన్నవాళ్లలో చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా క్లోమం నొప్పి రాదు. మీకు వచ్చిన వాపుకు అదే కారణమని ఒక్కసారితో చెప్పలేం. పిత్తాశయంలో సన్నటి రాళ్లు, ట్రైగ్లిజరైడ్లు, కాల్షియం, మీరు వాడే మందులు, స్పింక్1 వంటి జన్యువులు ఇవన్నీ చూడాలి. ఈఆర్‌సీపీ (నోటి నుంచి గొట్టం వేసి నాళం ద్వారం దగ్గర చేసే ఆ పని) అంటే చిన్న విషయం కాదు, దానివల్లే కొందరికి క్లోమం వాపు వస్తుంది. చిన్న ద్వారాన్ని కోస్తే ఎవరికి ఎంత మేలు అన్నది మాలోనే వాదన నడుస్తోంది. వాపు మళ్లీ మళ్లీ వస్తూ, నాళం ఉబ్బి, చివర సంచిలా కనిపిస్తుంటే లెక్క వేరు. ఒక్కసారికే తొందరపడకుండా ఇంకో గ్యాస్ట్రో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

పాతఫిల్ము (గురువారం, రాత్రి 10:10)

పుట్టుకతో వచ్చే తేడాను గడ్డ అనుకోవడం గురించి ఇంకొకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒకాయన క్లోమం తోకలో రెండు సెంటీమీటర్ల గుండ్రటి ముద్ద చూసి న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్ కణాల గడ్డ) అని నేనే రాశాను. ఆపరేషన్ అయింది. తీరా పాథాలజీలో అది ప్లీహం ముక్క, పుట్టుకతో తోకలో చిక్కుకున్నది. అన్ని సీక్వెన్సుల్లోనూ అది పక్కనున్న ప్లీహంలాగే వెలిగింది, నేను పోల్చి చూడలేదు. వేడిచేసిన ఎర్ర రక్తకణాలతో న్యూక్లియర్ స్కాన్ చేసుంటే ఆయనకు ఆ కోత తప్పేది. ఆయన మొహం నాకు ఇంకా గుర్తుంది. అందుకే సోమవారం రాత్రి ఆ పెన్సిల్ మాట గురించి చదవగానే వెంటనే రాశాను.

పీజీ_రేడియో (తర్వాతి బుధవారం, రాత్రి 9:00)

అందరికీ అప్‌డేట్.

ఎంఆర్‌సీపీ అయింది. అనాస రసం ఇచ్చాం, చక్కెర లేకుండా ఇంటి నుంచే తీసుకొచ్చారు. మొదటి స్లాబ్‌లోనే పొట్ట నల్లబడింది. విర్సుంగ్ నాళం ఐదు సెంటీమీటర్లు కూడా లేదు, తలలోనే సన్నబడి ఆగిపోయింది. శాంటోరిని నాళం లేదు. సెక్రెటిన్ మాకు దొరకలేదు, అందుకే మందపాటి స్లాబులు అదే చోట పదిసార్లు తీశాం. ఒక్కదానిలోనూ రెండో నాళం రాలేదు. గర్భాశయం రెండు కొమ్ములుగా ఉంది.

మెగ్నీషియం 1.2, తక్కువే. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో తల మెత్తగా, మామూలుగా ఉంది, గడ్డ లేదు. సూది పెట్టలేదు.

వాళ్లిద్దరికీ మా ప్రొఫెసర్ గారి ముందు నేనే చెప్పాను, తెల్ల కాగితం మీద రెండు మొగ్గలు గీసి. క్యాన్సర్ కాదన్న మాట పూర్తయ్యేలోపే వాళ్లాయన కుర్చీలోంచి లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె మాత్రం "అయితే నా పిల్లలు పోయింది ఇందుకేనా?" అని అడిగింది. గర్భాశయం ఆకారం ఒక కారణం కావచ్చు, గైనకాలజీ వాళ్లతో మాట్లాడదాం అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు.

ఎండోక్రైన్_విశాఖ (తర్వాతి బుధవారం, రాత్రి 9:50)

ఉన్నదున్నట్టు చెప్పారు, అదే మంచిది. షుగర్ వైపు నుంచి రెండు మాటలు. వీళ్లకు ఇన్సులిన్ ఆపి మాత్రలకు మార్చే ప్రయత్నం చేయొద్దు. మోడీ 3లో (మరో జన్యువుతో వచ్చే రకం) పనిచేసే సల్ఫోనిల్‌యూరియా మాత్రలు ఇందులో అంతగా పనిచేయవు. ఇన్సులిన్ తయారుచేసే కణాలు మధ్యభాగం, తోకల్లో ఎక్కువ, అవే ఆమెకు లేవు. జీర్ణం సంగతి కూడా అడగండి. మలం జిగటగా, నూనెగా పోతుంటే మలంలో ఎలాస్టేజ్ (క్లోమం ఎంజైమ్) పరీక్ష చేసి ఎంజైమ్ క్యాప్స్యూల్స్ ఇవ్వాలి. కిడ్నీలను దెబ్బతీసే నొప్పి మాత్రలు ఇకమీదట వాడకూడదని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. కడుపునొప్పికని ఇన్నాళ్లూ ఏం మింగిందో ఎవరికి తెలుసు.

పీజీ_రేడియో (ఐదు వారాల తర్వాత, శుక్రవారం)

జన్యుపరీక్ష వచ్చింది. సీక్వెన్సింగ్ రిపోర్టు శుభ్రంగా ఉంది, ఏ మార్పూ లేదు. మేడమ్ ముందే చెప్పారు కాబట్టి మైక్రోఅరే కూడా పంపించాం. 17క్యూ12 ముక్క ఎగిరిపోయిందని అందులో తేలింది.

నొప్పి మాత్రల సంగతి కూడా మేడమ్ అన్నట్టే అయింది. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ వారానికి నాలుగైదు వేసుకునేదట. ఆపించాం. ఎలాస్టేజ్ తక్కువగా వచ్చింది. ఎంజైమ్ మొదలుపెట్టాక నొప్పి కూడా కొంత తగ్గిందని చెప్పింది.

ఆమెకు ఒక చెల్లెలు ఉంది. ఇరవై ఆరేళ్లు, మూడో నెల గర్భవతి. ఇది అమ్మ నుంచి వచ్చినదే అయితే ఆమెకూ ఇదే ఉండే అవకాశం సగానికి సగం. జెనెటిక్ కౌన్సెలర్ ఇద్దరితోనూ మాట్లాడారు. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది చెల్లెలి ఇష్టానికే వదిలారు. ప్రస్తుతానికి షుగర్, మెగ్నీషియం, అల్ట్రాసౌండ్ వరకు ఒప్పుకుంది.

పాతఫిల్ము (శుక్రవారం, రాత్రి 11:05)

అల్ట్రాసౌండ్ ఎవరు చేస్తున్నారు?

పీజీ_రేడియో (శుక్రవారం, రాత్రి 11:12)

నేనే సార్, సోమవారం ఉదయం. ముందు కిడ్నీలు చూస్తాను. తర్వాత రెండు గ్లాసుల నీళ్లు తాగించి, కూర్చోబెట్టి, నీళ్లు నిండిన పొట్టలోంచి క్లోమం తోక దాకా వెతుకుతాను. గ్యాస్ అడ్డం ఉంటే అరగంట ఆగి మళ్లీ చూస్తాను.